ట్యూబు ముక్కతో కట్టిన బ్యాటరీ

మొన్న నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా ఒక కొత్త ట్రాక్టరుకు కంపెనీ చొక్కా తొడుక్కున్న మెకానిక్ బ్యాటరీ బిగిస్తూ కనిపించాడు. దాన్ని గూట్లో కూర్చోబెట్టి, పైన పట్టీ వేసి, రెండు నట్లు తిప్పి, కదులుతుందేమోనని చేత్తో ఊపి చూసి బానెట్ మూసేశాడు. చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయిన నన్ను వదిలి, నేనెక్కవలసిన బస్సు వచ్చి వెళ్లిపోయింది కూడా. ఆ చిన్న పని నేను ఒకసారి చేయకుండా వదిలేసినందుకు ఏమైందో ఇన్నేళ్లుగా ఇంటి బయట ఎవరికీ చెప్పుకోలేదు. నా ఈడువాళ్లు మీరైనా వింటారని ఇవాళ రాస్తున్నాను.

మన రోజుల్లో యంత్రం పాతబడిందని ఎవరూ పారేసేవారు కాదు. నల్గొండలో నాకు మెకానిక్ పని నేర్పిన ఉస్తాద్, విరిగి లోపలే ఉండిపోయిన బోల్టును తీయడంలో పేరున్న మనిషి. "విరిగిన బోల్టు జిద్దు మనిషసొంటిది బేటా, జబర్దస్తీ చేస్తే ఇంకింత బిగుసుకుంటది, జర సబర్ పట్టు" అనేవాడు. గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసి ఒక పూటంతా నాననివ్వాలి, వేడిచేసి చల్లారనివ్వాలి, సరిగ్గా నడిమధ్యన సన్నటి రంధ్రం తొలిచి, అందులోకి ఉల్టా మరలున్న ఉక్కు పుల్ల దింపి, ఊపిరి బిగబట్టి వెనక్కి తిప్పాలి. తొందరపడితే ఆ పుల్ల లోపలే విరుగుతుంది, అంత గట్టి ఉక్కును ఇక ఏ డ్రిల్లూ కొరకదు. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియక చేసినవాడికి కనీసం ఆ సాకైనా ఉంటుంది.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి యేళ్లలో మా వైపు చెరువుల్లో పూడిక తీసే పనులు జోరుగా సాగాయి. రోడ్డు పక్కన నా షెడ్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. నా బావమరిదికి కూడా వాళ్ల నాయిన కాలం నాటి ముసలి ట్రాక్టరొకటి ఉండేది. తల్లి పోయినప్పుడు వాడు నడక కూడా రాని పసివాడట, నా భార్యే చంకనేసుకుని పెంచింది. మాకు పిల్లలు లేరు కనుక, వాడు ఆమెకు తమ్ముడో కొడుకో చెప్పడం కష్టం.

ఒకనాటి పొద్దున వాడు బండి తెచ్చాడు. బ్యాటరీని పట్టి ఉంచే రెండు కడ్డీ బోల్టుల్లో ఒకటి మొదలంటా విరిగి, తునక రంధ్రంలో చిక్కుకుపోయింది. నేను పని మొదలుపెట్టానో లేదో, మండలంలో మాట చెల్లే ఒక కాంట్రాక్టరు ట్రాక్టర్లు మూడు వచ్చి నిలబడ్డాయి, అతని మనిషి నా నెత్తి మీదే నిలుచున్నాడు. నేను నానబెట్టలేదు, వేడి చేయలేదు. పుల్ల దింపి ఒక్క ఊపున తిప్పాను. అది టప్పున విరిగింది. ఇక బోల్టు దిగే ఆ ఇనుప ముక్కనంతా కోసేసి కొత్తది వెల్డింగ్ చేయాలి, అంటే సగం రోజు పని. లారీ ట్యూబు ముక్క కోసి బ్యాటరీ చుట్టూ బిగించి కట్టాను.

"బావా, గిది ఆగుతదా?" అన్నాడు వాడు.

"రెండు దినాలు ఓర్సుకో. నువ్వు మనోనివే గదా, వాళ్లను పంపి నీది చేస్త."

ఆ తర్వాత వాడు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ రేపు రమ్మన్నాను. మనోడు కదా, వాడు ఏమీ అనుకోడు. మనవాళ్ల పనే ఎప్పుడూ వెనకబడుతుంది, ఆ సంగతి మీకూ తెలుసు.

వారం తిరగకుండానే చెరువు కట్ట మీద బండి ఆగిపోయింది. వాడు బానెట్ ఎత్తి చూస్తే, ట్యూబు ఒరుసుకుపోయి తెగి, బ్యాటరీ ఒక పక్కకు ఒరిగి ఉంది. సర్దుదామని చెయ్యి పెట్టాడు. కదిలిన బ్యాటరీ మీది కరెంటు మొన ఇనుముకు తగిలి నిప్పురవ్వ లేచింది, బ్యాటరీ పేలి లోపలి యాసిడ్ వాడి మొహాన పడింది. కూలీ ఆడవాళ్లు తాగే నీళ్లన్నీ వాడి కళ్ల మీద గుమ్మరించారు. నల్గొండ దవాఖానకు, అక్కణ్ణుంచి పట్నానికి తీసుకుపోయాం. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో పొగమంచు లాంటి వెలుతురు మాత్రం మిగిలింది.

దవాఖాన మంచం పక్కన నిలబడి నా భార్య, బ్యాటరీని ట్యూబుతో కట్టిందెవరని అడిగింది. కట్లు కట్టిన మొహంతో వాడే జవాబు చెప్పాడు.

"నేనే కట్టుకున్న అక్కా. బావ వద్దనె అన్నడు."

"నీకు బుద్ధెప్పుడొస్తదిరా!" అని ఆమె ఏడుస్తూనే తిట్టింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

నాలుగేళ్లు గడిచాయి. వాడి ట్రాక్టరు పోయింది, వాడి భార్య పత్తి ఏరే కూలికి పోసాగింది. కలిసినప్పుడల్లా నా భార్య, బావ మాట వింటే ఇట్లా అయ్యేది కాదు కదా అని వాణ్ణి దెప్పేది, వాడు తల ఊపి నవ్వేవాడు. ఒకసారి చుట్టాలందరి ముందూ అదే మాట అన్నది. అప్పుడూ వాడు నవ్వాడు. ఆ నవ్వును నేనిక భరించలేకపోయాను. మర్నాడు, ఆమె చాటలో బియ్యం ఏరుతుండగా అంతా చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. చాట పక్కన పెట్టింది.

"వాడు నిన్ను కాపాడిండు. నువ్వేమో నాలుగేండ్లు నాతోటి వాణ్ణి తిట్టిపిచ్చినవ్."

ఆ పూటే తమ్ముడి ఊరికి వెళ్లింది. పది రోజుల తర్వాత నేను వెళ్లి వాడి చేతులు పట్టుకుంటే, వాడు నా మొహం ఎటుందో వెతుక్కుంటూ, "గిప్పుడెందుకు చెప్పినవ్ బావా? అక్కన్నా నిమ్మలంగ ఉంటుండె" అన్నాడు. ఆమె నాతో తిరిగి వచ్చింది గాని, మా మధ్య మాటలు ఉప్పు, పప్పు, మందుల దగ్గరే ఆగిపోయాయి.

షెడ్డు ఎప్పుడో మూసేశాను. ఆ చెరువులో ఇప్పుడు నీళ్లుంటున్నాయి, ఒకప్పుడు ఆముదాలు కూడా సరిగ్గా పండని చెలకల్లో కనుచూపు మేర వరి కనిపిస్తోంది. మన ప్రాంతం ఎంత మారిందో చూడమని అందరూ అంటారు, అది నిజమే. నాకు మాత్రం ఆ కరువు రోజులే గుర్తుకొస్తాయి. జొన్నరొట్టె మీద పచ్చిపులుసు పోసుకుని, గడప దగ్గర నేను, ఆమె, వాడు ముగ్గురం కూర్చుని, చివరి ముక్క నువ్వు తినంటే నువ్వు తినని కొట్లాడుకున్న ఆ మధ్యాహ్నాలు. ఇప్పుడు ఇంట్లో సన్నబియ్యం అన్నం ఉంటుంది. ఆమె వడ్డించి లోపలికి వెళ్లిపోతుంది, నేనొక్కణ్ణే తింటాను.