ఆగని బెల్లు, బిగిసిన జేబు

మా అమ్మమ్మకి కుట్టు ఊడడమంటే పరువు ఊడడమే. కార్ఖానా పనివాళ్లు తొడుక్కునే కోట్లు కుట్టే కొట్టు ఆవిడది. ముందు గదిలో కత్తెరతో ఆవిడ, వెనక గదిలో మిషను మీద ఆవిడ చెల్లెలు, అంటే మా చిన్నమ్మమ్మ. మిషను మోతలో కేకలు వినపడవని మధ్యన ఒక కరెంటు బెల్లు పెట్టించింది. అది మోగితే, చేతిలో ఉన్న కుట్టు మీద ఇంకో వరుస వెయ్యాలి. ఆ కోట్ల కుట్లు ఏనాడూ ఊడలేదు గానీ, వేసుకున్నవాళ్లకి మోచెయ్యి వంగేది కాదు.

ఒక మధ్యాహ్నం దారపు రీలు దొర్లి బెల్లు మీట మీద ఇరుక్కుపోయింది. ఆ సమయానికి అమ్మమ్మ వీధి చివర బొత్తాలు బేరమాడుతోంది. తిరిగొచ్చేసరికి బెల్లు గణగణ, మిషను టకటక. చిన్నమ్మమ్మ చేతిలో ఒక కోటు జేబు అట్టలా బిగిసిపోయి ఉంది.

"ఇది జేబా, చెక్కా? బుర్ర లేదుటే నీకు?"

"మోగినంతసేపూ కుట్టమన్నది ఎవరక్కా? నా బుర్ర నీ దగ్గరే ఉందిగా, వాడకపోయావా?"

ఆ కోటు ఎవరూ కొనలేదు. పారెయ్యడానికి మనసొప్పక అమ్మమ్మ దాన్ని మేకుకి తగిలించింది.

అమ్మమ్మ బుగ్గల మీద చిన్నప్పటి నుంచీ ఎర్రటి బుడిపెలు. వాళ్లమ్మకీ ఉండేవట. ఎవరైనా అడిగితే, "మా అమ్మ పెట్టిన నగలు. దొంగలు కూడా ముట్టుకోరు" అనేది. ఆ నగలిచ్చిన జబ్బే రెండు కిడ్నీల్లోనూ గడ్డలు పెట్టిందని స్కానింగులో తేలింది. అవి ఇలాగే పెరిగితే కిడ్నీలు దక్కవు.

"కోసి అవతల పారెయ్యండి" అంది అమ్మమ్మ, చేతిలో కత్తెర ఉన్నట్టే వేళ్లు ఆడిస్తూ.

"రెండు వైపులా ఉన్నాయి మామ్మగారూ. అన్నీ కోస్తే మీకేం మిగులుతుంది?" అంది డాక్టరమ్మ. "కణాలకి పెరగమని చెప్పే సంకేతం ఒకటుంటుంది. దాన్ని ఆపాల్సిన జన్యువు మీకు పుట్టుకతోనే సరిగ్గా లేదు. అందుకే గడ్డలో కణాలు ఆగట్లేదు. పైగా పక్కవాటికీ కబురంపుతున్నాయి. అవేమో నారపోగులు అల్లుతూనే ఉన్నాయి. దాంతో గడ్డ అక్కడక్కడా గట్టిపడింది. ఆ సంకేతాన్ని తగ్గించడానికి మాత్ర ఉంది."

అమ్మమ్మ పక్కనే కూర్చున్న చెల్లెలి తొడ మీద ఒక్కటి చరిచింది.

"ఏమేవ్, ఇది మన బెల్లేనే! తప్పు రీలుదైతే నిన్ను తిట్టాను!"

"విన్నారుగా డాక్టరమ్మా? మీరే సాక్ష్యం."

"ఉండవే. మరి ఇప్పటికే పడిపోయిన కుట్ల సంగతో?" అమ్మమ్మ గొంతు కాస్త తగ్గింది.

"గడ్డలు తగ్గొచ్చు. గట్టిపడ్డదంతా విడిపోతుందని మాత్రం మాటివ్వలేను."

మాత్రలు మొదలయ్యాక నోరు పూసింది. నోరు తెరిస్తే మంట, మూసుకుంటే ఊపిరాడదు ఆవిడకి. సైగలతో తిట్టేది. "అర్థం కావట్లేదక్కా, కొంచెం గట్టిగా తిట్టు" అనేది చిన్నమ్మమ్మ. కొట్టుకి అంత ప్రశాంతత ఎన్నడూ లేదు. డాక్టరమ్మ పూతకి మందిచ్చాక ఆ సుఖం కాస్తా పోయింది.

మళ్లీ స్కానింగు చేయించిన రోజు అమ్మమ్మ కొలత టేపుని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, అంకెలన్నీ అరగదీసేలా ఉంది. చివరికి డాక్టరమ్మ నవ్వింది. గడ్డలు తగ్గాయి. గట్టి భాగం కొంత అలాగే ఉన్నా కిడ్నీలు చక్కగా పనిచేస్తున్నాయి. ఆపరేషను అక్కర్లేదు, మాత్రలు మాత్రం ఆపకూడదు.

కొట్టుకి రాగానే అమ్మమ్మ మేకు మీది కోటు దించి, బ్లేడుతో జేబు కుట్లు విప్పడానికి కూర్చుంది. సగం ఊడొచ్చాయి. మిగతావి బట్టలో కలిసిపోయాయి.

"ఇంక రావు, వదిలెయ్యక్కా."

అమ్మమ్మ అందులో చెయ్యి పెట్టి చూసింది. మణికట్టు దాకా దిగింది.

"చాల్లే" అని మాత్రల డబ్బా ఆ జేబులో వేసుకుని, కోటు తొడుక్కుని, ముందు గదిలోకి వెళ్లి బెల్లు కొట్టింది.

"ఒక్క వరుసేనా?" అని లోపల్నుంచి కేక.

"ఒక్కటే! వేసి ఆపి చావు!"