అత్తగారి తొలిచుక్క

మొన్న కార్తీక సోమవారం సాయంత్రం పెరటి గోడ అవతలి నుంచి పక్కింటి కోడలు పిలిచింది. "పిన్నిగారూ, నక్షత్రం వచ్చిందాండీ? మాకు సపోటా కొమ్మ అడ్డమండీ, ఏం కనపళ్ళేదు" అని. పొద్దుటి నుంచీ ఉపవాసం ఉన్న గొంతు. కాస్త నీరసం, కాస్త తొందర. "ఇంకో పది నిమిషాలమ్మా" అన్నాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఈ సోమవారాల్లో పగలంతా ఉపవాసం ఉండి, దీపం పెట్టుకుని, నక్షత్రం కనిపించాకే మేం అన్నం తింటాం. బడి గుమ్మం తొక్కని నన్ను వీధి వీధంతా ఆకాశం సంగతి అడుగుతోందంటే భగవంతుడి దయ కాక ఇంకేమిటి!

నేను పుట్టింది గోదావరి మధ్య లంకలో. బడికి వెళ్ళాలంటే పడవ దాటాలి. వరదల్లో ఒకసారి పడవ బోల్తాపడటం కళ్ళారా చూసిన మా నాన్న, ఆడపిల్లని రోజూ ఏరు దాటించనని తేల్చేశాడు. దాంతో మా పెదనాన్నే నాకు బడి. అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు, అవయ్యాక పంచాంగం. అశ్విని, భరణి, కృత్తిక అంటూ ఇరవై ఏడు నక్షత్రాలూ ఆగకుండా అప్పజెబితే బెల్లంముక్క పెట్టేవాడు. పేర్లన్నీ వచ్చాయి గానీ ఒక్కదాన్నీ చూపించలేదు. ఆయనకి రేచీకటి. పొద్దుగూకితే నా భుజం పట్టుకునే నడిచేవాడు. తను చూడలేనివాటిని నాకు నేర్పాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా ధ్యాసంతా బెల్లం మీదే.

వాటిని చూడటం యాభై దాటాక, జనమంతా ఇళ్ళలో ఉండిపోయిన ఆ ఏడు నేర్చుకున్నాను. కడియంలో మా నర్సరీ ముందు లారీలు ఆగిపోయి, దుమ్ములేక ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది. సామర్లకోటలో ఉండే మా ఆడపడుచు హైస్కూల్లో సైన్సు చెప్పి అప్పుడే రిటైరయింది. పాఠం వినేవాళ్ళు లేక నన్ను పట్టుకుంది. దీపాలవేళకి ఫోను. ఆవిడ అక్కడ డాబా మీద, నేనిక్కడ డాబా మీద. "ఆగ్నేయానికి తిరుగు వదినా. చెయ్యి చాపి పిడికిలి పట్టు. మూడు పిడికిళ్ళ ఎత్తున ఎర్రగా ఒకటుంది." "కనపళ్ళేదు." "నీకు ఎదురుగా ఏముంది?" "వాటర్ ట్యాంకు." "అయితే నువ్వు చూసేది ఈశాన్యం, ఇటు తిరుగు తల్లీ!" తిరిగాను. ఉంది. అదే జ్యేష్ఠట. చిన్నప్పటి నుంచీ నోట్లో నానిన పేరు ఎదురుగా ఎర్రగా వెలుగుతుంటే, పేరు మాత్రమే విన్న చుట్టాన్ని తీర్థంలో మొదటిసారి చూసినట్టయింది. చేతులు వాటంతటవే జోడయ్యాయి. అటునించి ఆవిడ "వదినా, ఉన్నావా?" అని అరుస్తూనే ఉంది.

ఆ ఏడు కార్తీకం వచ్చింది. మా అత్తగారికి అప్పటికి ఎనభై దాటాయి. పెరట్లో కుర్చీ వేయించుకుని, నైరుతి మూల తెల్లగా చుక్క కనపడగానే "వచ్చిందమ్మాయ్" అని దణ్ణం పెట్టి, షుగరు బిళ్ళ వేసుకుని, నేను వడ్డించేసరికి పీట దగ్గరికి వచ్చేవారు. ఆ నోము మామూలుది కాదు. మావారికి మూడేళ్ళప్పుడు జ్వరం తగ్గక, డాక్టరు చేతులెత్తేస్తే, ఆవిడ ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి మొక్కుకున్నారు. బిడ్డ దక్కితే బతికున్నంతకాలం కార్తీక సోమవారాలు నక్షత్రం చూశాకే ముద్ద ముడతానని. బిడ్డ దక్కాడు. ఆవిడ ఒక్క వారం తప్పలేదు.

మొదటి సోమవారం భోజనాలయ్యాక మా ఆడపడుచుతో ఆ చుక్క సంగతి గొప్పగా చెప్పాను. "మిణుకుమిణుకుమంటోందా, నిలకడగా ఉందా?" అంది. "నిలకడగానే ఉంది. పక్కన రెండు వేళ్ళ ఎడంలో మసగ్గా ఇంకోటి ఉంది." "వదినా, అది నక్షత్రం కాదు. గురుడు. పక్కది శని. ఈ మాట అమ్మకి మాత్రం చెప్పకు. చెబితే నన్ను తిడుతుంది, నిన్ను తిడుతుంది, రేపట్నుంచి అన్నం మానేస్తుంది." అత్తగారితోపాటు నేనూ తినేశాను కదా! నా సంగతి స్వామి చూసుకుంటాడు. ఆవిడది కన్నబిడ్డ ప్రాణం మీద పెట్టిన మొక్కు.

నేనొక ఉపాయం పన్నాను. నిజం చెప్పక్కర్లేదు, గురుడికి పైన వెలిగే శ్రవణా నక్షత్రం కనిపించేదాకా వడ్డన ఆపితే చాలు, పావుగంట పని. రెండో సోమవారం కూర అడుగంటిందని వంకపెట్టి ఆపాను. శ్రవణం వచ్చింది, వడ్డించాను. ఆవిడ మొక్కును నేనే నిలబెడుతున్నానని లోపల కాస్త గర్వం కూడా కలిగింది. దాచడమెందుకు, బాగానే కలిగింది.

మూడో సోమవారానికి వాయుగుండం. ఆకాశమంతా మబ్బు, నైరుతి మూల మాత్రం చాపంత ఖాళీ. ఆ ఖాళీలో గురుడూ శనీ. "వచ్చిందమ్మాయ్" అన్నారు అత్తగారు, బిళ్ళ వేసుకున్నారు. "పప్పు ఉడకలేదండీ" అని డాబా ఎక్కాను. మబ్బు కదల్లేదు. దిగాను, మళ్ళీ ఎక్కాను. మూడోసారి పైనుండగా కింద గ్లాసు పడిన చప్పుడైంది. పరుగెత్తుకొచ్చి చూస్తే, ఆవిడ ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. బిళ్ళ వేసుకుని అరగంట దాటిపోయింది. పంచదార నీళ్ళు నోట్లో పోసి, పెరుగన్నం కలిపి నా చేత్తోనే ముద్దలు పెట్టాను. స్వామీ, ఆవిణ్ణి ఈ ఒక్కసారికి నాకు వదిలెయ్యమని లోపల ఏడుస్తూనే ఉన్నాను. నాలుగో ముద్దకి కళ్ళు తేటపడ్డాయి. అప్పుడు ఆవిడన్న మొదటి మాట, "పప్పు ఎప్పుడో ఉడికిందిగా. నాకు వాసనొచ్చింది. ఎందుకాపావే?"

చెప్పేశాను. మొత్తం, ఏడుస్తూనే. ఆవిడ నోరు తెరుచుకుని విని, "గురువుగారా!" అన్నారు. "గుమ్మంలో గురువుగారు నిలబడితే దణ్ణం పెట్టకుండా, వెనకాల ఎవరొస్తున్నారా అని తొంగిచూడమంటావేంటి?" "పక్కన శని కూడా ఉన్నాడండీ." "ఆయన లేనిదెప్పుడే? ఈ ఇంటికి కాపురానికొచ్చిన కాణ్ణించీ నా పక్కనే ఉన్నాడు" అని నవ్వారు. నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. మూడోరోజు మధ్యాహ్నం వత్తులు చేస్తూ, తల ఎత్తకుండానే అడిగారు. "అమ్మాయ్, మొదటేడు మొదటి సోమవారం నేను చూసిందేంటంటావ్?" నాకు తెలియదన్నాను. "మీ ఆడపడుచు నీ ఫోన్లో ఏదో పెట్టిందన్నావుగా, పాతరోజుల ఆకాశం కూడా చూపిస్తుందని. చూడు." ఏ సంవత్సరమో కూడా చెప్పారు. వేలితో కాలాన్ని వెనక్కి జరపడం మొదలుపెట్టాను. గురుడు గిర్రున తిరుగుతున్నాడు. శని ఆకాశమంతా ఒక చుట్టు చుట్టి రెండో చుట్టులో పడ్డాడు. నా పెళ్ళినాటి కార్తీకం దాటిపోయింది, నేను పుట్టిన ఏడూ దాటిపోయింది. ఇంకో రెండేళ్ళుందనగా, దూది అంటుకున్న అరచెయ్యి వచ్చి ఫోను మీద పడింది.

"వద్దులే."

"ఎందుకండీ?"

"గ్రహమని తేలితే ఏం చెయ్యను? వాణ్ణి చంకనేసుకుని నుంచున్నానమ్మా ఆవేళ. జ్వరం దిగి ఒళ్ళు అప్పుడే చల్లబడుతోంది. ఏది కనపడితే దానికి దణ్ణం పెట్టుకుని తిన్నాను. దాని పేరు నేనడగలేదు. ఇప్పుడడగడం మర్యాద కాదు."

అంతలో ఆ చంకలోని బిడ్డే, అరవై దగ్గరపడినవాడు, నర్సరీ నుంచి మోకాళ్ళదాకా బురదతో వచ్చి నిలబడ్డాడు. "అత్తాకోడళ్ళు ఫోన్లో సినిమా చూస్తే ఇక్కడ కాఫీ ఇచ్చేవాళ్ళెవరు?" అన్నారు మావారు. "ముందు కాళ్ళు కడుక్కు రారా!" అని కసిరారు అత్తగారు. కసిరి, ఆయన నూతి దగ్గరికి నడిచి వెళుతుంటే వీపు కనిపించినంతసేపూ చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత ముందు కంచం, ఆ పైన బిళ్ళ అని నియమం పెట్టుకున్నాం. "గురువుగారు వేంచేశారు, మీ శ్రవణం ఇంకా తెమల్లేదా?" అని నన్ను ఆటపట్టిస్తూ ఆవిడే ఆగేవారు. ఇంకో రెండు కార్తీకాలు అలా గడిచాయి. ఆవిడ వెళ్ళిపోయాక ఆ ఫోన్లో ఎన్నో ఏళ్ళు వెనక్కి జరిపి చూశాను. మా లంకమీద ఆకాశం, నా పెళ్ళినాటి ఆకాశం, నా పిల్లలు పుట్టిననాటి ఆకాశం. ఆ ఒక్క సోమవారం జోలికి మాత్రం పోలేదు. కాలమంతా వేలికిందే ఉంది. అందులో ఒక సాయంత్రాన్ని, ఆవిడ వదిలిపెట్టినచోటే ఉండనిచ్చాను.