పొట్టు లేని వేరుశనగ

“మీకు జీతమిచ్చేది అచ్చుతప్పులు పట్టుకోవడానికా, మా నోళ్ళకి కాపలా కాయడానికా?” అని ఒకరోజు డిజైనర్ మొహం మీదే అడిగేశాడు.

ప్రూఫ్‌రీడర్ బాబాయ్ నొచ్చుకోలేదు. “రెండు పనులూ చేస్తున్నానని నువ్వే ఒప్పుకున్నావు. ఆ మాట కాస్త ప్రొప్రయిటర్ చెవిన కూడా వెయ్యి, ఒక్క జీతంతో నెట్టుకొస్తున్నాను” అంటూ, ప్రశ్న అడగడానికి తెరిచిన నోరు మూతపడేలోగా అందులో ఒక క్యారెట్ ముక్క పెట్టేశాడు. డిజైనర్‌కి నమలక తప్పలేదు. ఆ ఆఫీసులో బాబాయ్‌తో ఎవరు ఏ వాదం పెట్టుకున్నా చివరికి అది నమలడంతోనే ముగిసేది.

బాబాయ్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఏం తింటున్నాడో ఆయనకి కావాలి. అదే మనిషి ఇంటికెళ్ళి చెంబుతో నూనె తాగినా ఆయనకి అభ్యంతరం లేదు. వీధిలో నిలబడి చక్కెర బొక్కినా తల తిప్పి చూడడు. కీబోర్డు మీదకి వంగి దవడ ఆడించారో, అయిపోయారు. ఆరోగ్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళని భరించడం కష్టమే గానీ, వాళ్ళు ఉపన్యాసంతో వదిలేస్తారు. బాబాయ్ ఉపన్యాసం ఇవ్వడు. డబ్బా తెస్తాడు.

ఆ ఆఫీసులో చేసేది, మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలని అచ్చుకి సిద్ధం చేయడం. ఎవరూ చదవకుండా పారేస్తారే, చీమ తలకాయంత అక్షరాలతో, ఆ కాగితం. ఒకే గదిలో ముగ్గురు. పెట్టెల మీద బొమ్మలు వేసే డిజైనర్, కాగితంలో అక్షరాలు కూర్చే డీటీపీ ఆమె, ఆమె కూర్చినవి దిద్దే బాబాయ్. గాజు తలుపు వెనక ప్రొప్రయిటర్. డీటీపీ ఆమె కుర్చీకీ బాబాయ్ కుర్చీకీ వీపూ వీపూ ఆనుకునేంత ఎడం. కాబట్టి ఈ భూమ్మీద బాబాయ్ చేత అందరికన్నా ఎక్కువ బాధలు పడింది ఆమే. ఆమెకి ఆయన పెట్టిన పేరు కరకరమ్మ. ఆమెకి చిప్సంటే ప్రాణం.

పదకొండింటికొకసారి, నాలుగింటికొకసారి బాబాయ్ కుర్చీ కిర్రుమనేది. ఆ కిర్రు వినపడితే కరకరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. అరలున్న స్టీలు డబ్బా పట్టుకుని ఆయన బయల్దేరేవాడు. ఒక అరలో క్యారెట్, ఒకదానిలో కీరా, ఒకదానిలో ఆపిల్ ముక్కలు, నడిమి అరలో వేరుశనగలు. చేత్తో ముట్టుకోవడానికి లేదు, ముల్లులాంటి పుల్లతో గుచ్చుకుని తినాలి. వేరుశనగ గింజని పుల్లతో గుచ్చడం ఎంత కష్టమో గుచ్చినవాళ్ళకే తెలుసు. డిజైనర్ గుచ్చితే గింజ ఎగిరి ప్రొప్రయిటర్ గాజు తలుపుకి తగిలిన రోజులున్నాయి.

ఆ వేరుశనగలు మామూలువి కావు. ఇంట్లో వేయించి, గుడ్డలో వేసి నలిపి, చేటలో పోసి, ఊది, ఒక్క గింజ మీద ఒక్క పొట్టు రేకు లేకుండా తెచ్చేవాడు. ‘గుండు చేయించిన వేరుశనగలు’ అనేవాడు డిజైనర్. పొట్టు కీబోర్డు సందుల్లో పడుతుందని బాబాయ్ భయం. “నా వేరుశనగకి పొట్టుండదు, నా ప్రూఫులో తప్పుండదు” అని ఆయన రోజుకొకసారైనా అనేవాడు. రెండూ నిజమే కావడం వల్ల ఎదుటివాళ్ళకి ఒళ్ళు మరీ మండేది.

అందరికీ నాలుగేసి ముక్కలు పెట్టి, కరకరమ్మకి మాత్రం గుప్పెడు కుమ్మరించేవాడు.

“ఎందుకు బాబాయ్, నా ఒక్కదాని మీదే ఇంత పగ?”

“పగేముంది. నీది ఎప్పుడూ ఆడే నోరు. దానికి మేత ఎక్కువ పడుతుంది.”

సాయంత్రం వెళ్ళేముందు సోదా. ఒక్కొక్క కీబోర్డునీ తెల్లకాగితం మీద బోర్లించి, వీపు మీద తట్టి, రాలినవాటిని ప్రూఫులు చూసే భూతద్దంతో చూసేవాడు.

“ఉప్పు బిస్కెట్. నిన్నటిది” అనేవాడు డిజైనర్‌తో.

“నిన్నటిదని ఎలా తెలుసండీ మీకు?”

“మెత్తబడింది.”

పట్టుబడితే జరిమానా. తిన్న ప్యాకెట్ ఖరీదుకి రెట్టింపు. ఆ సొమ్ముతో మర్నాడు క్యారెట్లు. దొంగల సొమ్ముతో దొరలకి విందన్నమాట. ఎవరూ ఆయనకి ఆ అధికారం ఇవ్వలేదు. ఎందుకు కడుతున్నారో కట్టేవాళ్ళకీ తెలియదు. ఆ భూతద్దం వెనకనుంచి అంత పెద్ద కన్ను చూస్తుంటే చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది.

కరకరమ్మ తెలివితేటలన్నీ ఈ సోదా తప్పించుకోవడానికే ఖర్చయ్యేవి. ప్రింటర్ మోగుతున్నప్పుడు ప్యాకెట్ చింపేది. చిప్స్ ముక్కని నాలుక మీద నానబెట్టి, చప్పుడు చచ్చాక నమిలేది. ఒకరోజు అలా నానబెట్టుకుని కూర్చుంటే వెనకనుంచి తల తిప్పకుండానే అడిగాడాయన.

“కరకరమ్మా, ప్రింటర్‌లో పొద్దుట్నుంచీ కాగితం లేదు. మరి ఇందాక పరపరా చిరిగిందేమిటంటావు?”

ఇంటికెళ్ళి అత్తగారి దగ్గర వాపోయింది. “ఆ మనిషితో ఆయన పెళ్ళాం ఎలా వేగుతోందో గానీ, నా వల్ల కావడం లేదత్తయ్యా.”

“మన ఒంటి సంగతి పట్టించుకునేవాడు ఆఫీసులో ఒకడైనా ఉన్నాడు, నయం కదటే” అంది అత్తగారు. మర్నాడు భోజనం డబ్బా మూత తీస్తే మూలన కీరా ముక్కలు. ఇంటివాళ్ళు కూడా శత్రువుతో చేతులు కలిపితే ఇక ఆడది ఎవరితో చెప్పుకుంటుంది.

నిజానికి ఆ భోజనం డబ్బా కొన్నాళ్ళుగా చిన్నదైపోయింది. భర్త పనిచేసే దుకాణం మూతపడ్డాక ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. అందరికీ సర్దాక తనకి మిగిలింది తెచ్చుకునేది. ఆ ఖాళీని పూడ్చడానికి చిప్స్‌ని మించింది లేదు. చవక, కారం, తిన్నట్టు కూడా ఉంటుంది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. దానికి తోడు, కిందటి నెల ఒక కాగితంలో, బాబాయ్ దిద్దిచ్చాక, ఒకే వాక్యం రెండుసార్లు పడితే, “ఇంకొక్క తప్పొస్తే ఇంటి దగ్గరే కూర్చోమ్మా, వేరేవాళ్ళని చూసుకుంటాను” అని ప్రొప్రయిటర్ తేల్చి చెప్పేశాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం బాబాయ్ ఇంట్లో బాదంగింజ కొరికాడు. గింజ పగల్లేదు, పన్ను పగిలింది. జన్మలో మొదటిసారి సెలవు పెట్టాడు.

ఆ రోజు ఆఫీసుకి పండగొచ్చింది. డిజైనర్ బిస్కెట్ల డబ్బా తెరిచి బల్ల నడుమ పెట్టాడు. కరకరమ్మ కారం చల్లిన పెద్ద చిప్స్ ప్యాకెట్ కొని, పట్టపగలు, కీబోర్డు పక్కనే నిలబెట్టి, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో అంకెలు కొట్టింది. చిన్నపిల్లల దగ్గు మందు కాగితం అది, సాయంత్రానికి వెళ్ళిపోవాలి. బాబాయ్ లేడు కాబట్టి దిద్దే పని ప్రొప్రయిటరే నెత్తిన వేసుకున్నాడు. చెవిలో ఫోను, నెత్తి మీద కళ్ళజోడు. కింద సంతకం మాత్రం అందంగా పెట్టాడు.

మూడోనాడు మందుల కంపెనీనుంచి ఫోనొచ్చింది. రెండున్నర మిల్లీలీటర్లు ఉండాల్సిన చోట ఇరవై అయిదు ఉంది. రెండుకీ అయిదుకీ మధ్య చుక్క లేదు. అచ్చుకి పోయేముందు వాళ్ళ మనిషి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ప్రొప్రయిటర్ గాజు తలుపు తోసుకుని వచ్చాడు. “చుక్క ఏదమ్మా?”

“కొట్టాను సార్. కొట్టినట్టే గుర్తు.”

“కొడితే పడాలిగా?”

ఆ కాగితం అలాగే అచ్చయి, దాన్ని చూసి ఏ తల్లో చెంచాతో కొలిచి పోసుంటే అన్న ఆలోచన కరకరమ్మకి ముందొచ్చింది. ఉద్యోగం సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది. అత్తగారి మొహం కూడా.

ఆ పొద్దునే సెలవునుంచి తిరిగొచ్చిన బాబాయ్ లేచాడు. ఒక చెంప బూరెలా ఉబ్బి ఉంది. మాట నోటికి ఒక వైపునుంచే వస్తోంది. “తప్పు మనిషిదో మరదో ముందు చూడనివ్వండి” అని, తెల్లకాగితం పరిచి, ఆమె కీబోర్డు బోర్లించి తట్టాడు. ఏమీ రాల్లేదు. చుక్క మీటని పిన్నుతో పైకి లేపాడు. దాని కిందనుంచి పసుప్పచ్చటి ముక్కొకటి, ఎర్రటి కారం అంటుకుని మరీ, కాగితం మీద పడింది. మీట కిందికి దిగకుండా అప్పుడప్పుడూ అడ్డుపడుతున్నది అదే. అదేమిటో చెప్పడానికి భూతద్దం అక్కర్లేదు.

బాబాయ్ భూతద్దంతోనే చూశాడు. చాలాసేపు చూశాడు. ఇక లేచి సంచి సర్దుకోవడమే అనుకుంది కరకరమ్మ. ఈ మనిషి చేతుల్లో తను నెగ్గిన రోజు ఒక్కటీ లేదు.

“వేరుశనగ పొట్టు” అన్నాడు బాబాయ్.

డిజైనర్ నోరు తెరుచుకుంది. అందులో పెట్టడానికి ఆ పూట క్యారెట్ ముక్క ఎవరి దగ్గరా లేదు.

“వేరుశనగ పొట్టా? అంటే మీ డబ్బాలోదా?” అన్నాడు ప్రొప్రయిటర్.

“ఈ గదిలోకి వేరుశనగలు తెచ్చేది ఇంకెవరండీ? పన్ను సలుపుతుంటే ఒకరోజు ఊదడం మర్చిపోయినట్టున్నాను.”

“ఏదీ, ఇలా ఇవ్వండి” అని ప్రొప్రయిటర్ నెత్తిమీది కళ్ళజోడు దించుకుని చెయ్యి చాచాడు.

కంప్యూటర్ ముందు నూనె వస్తువు కన్నెత్తి చూడని బాబాయ్, ఆ ముక్కని రెండు వేళ్ళతో తీసి, మంచివైపు దవడ కింద వేసుకుని, నమిలి, మింగాడు.

“వేరుశనగే” అన్నాడు.

ప్రొప్రయిటర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మీట పడకపోతే మాత్రం, ప్రూఫు చూసేవాళ్ళకైనా కనపడాలిగా?”

“ఆ రోజు ప్రూఫు కింద సంతకం ఎవరిదో తీసి చూడమంటారా?”

“అక్కర్లేదు లెండి” అన్నాడు ప్రొప్రయిటర్. కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కాబట్టి డబ్బా మీద దిగింది. ఇకమీదట ఈ గదిలో తినే వస్తువు కనపడకూడదు, ముఖ్యంగా ఆ స్టీలు డబ్బా. బాబాయ్ తలూపాడు. ఇకనుంచి అంకెలు మాత్రం ఒకరు పైకి చదివితే ఒకరు చూసుకోవాలని తనవంతు షరతు పెట్టాడు.

మొదటిరోజు హాయిగానే ఉంది. రెండోరోజు నాలుగింటికి కుర్చీ కిర్రుమనలేదు. డిజైనర్ వెనక్కి తిరిగి చూశాడు. బాబాయ్ కాగితంలో తల దూర్చి ఉన్నాడు. కరకరమ్మకి కళ్ళు తిరిగినట్టయింది. ఆకలి. మధ్యాహ్నం తిన్నది ఎప్పుడో అరిగిపోయింది, చిప్స్ జోలికి పోయే మొహం లేదు. ఇన్నాళ్ళూ సాయంత్రం దాకా తను నిలబడింది దేని మీదో అప్పుడు తెలిసింది. గుప్పెడు ముక్కలు తనకి మాత్రమే ఎప్పటినుంచి పడుతున్నాయో లెక్క వేసుకుంది. భోజనం డబ్బా చిన్నదైన వారంనుంచి. అక్షరంలో కొమ్ము విరిగితే పట్టుకునే కళ్ళకి పక్క మనిషి డబ్బా చిన్నదైతే కనపడకుండా ఉంటుందా? తెలిసింతర్వాత కృతజ్ఞత పుట్టాలి గానీ ఆమెకి మళ్ళీ ఒళ్ళే మండింది. ఆ మాట మంచిగా చెప్పి పెట్టొచ్చుగా? మేతట, మేత.

మర్నాడు నాలుగింటికి ఆమె సంచిలోంచి డబ్బా తీసి, డిజైనర్‌ని లేపి, బాబాయ్ కుర్చీ లాగి, ఇద్దరినీ మెట్ల మలుపు దగ్గరికి నడిపించింది. గదిలో తినకూడదన్నారు గానీ మెట్ల మీద వద్దనలేదు. అందులో ఆమె స్వయంగా కోసిన కీరా, పొట్టు తీసిన వేరుశనగలు.

బాబాయ్ ఒక ముక్క వెలుగుకెత్తి చూశాడు. “ఇది కీరా ముక్కా, బండి చక్రమా? వేరుశనగలు కూడా సరిగ్గా ఊదలేదు.”

“తింటారా, తినరా?”

తిన్నాడు. డిజైనర్ కిందికి పోయాక ఆమె మెల్లగా అడిగింది. “ఎందుకు బాబాయ్ ఆ అబద్ధం?”

“అబద్ధమేముంది. వయసు మీద పడింది, కళ్ళు సరిగ్గా కనపడ్డం లేదు. నిన్ను పంపించి వేరేవాళ్ళని పెట్టారనుకో, వాళ్ళకి పుల్లతో గుచ్చడం దగ్గర్నుంచీ నేర్పాలి. నాకంత ఓపిక లేదు. అయినా ఆ చుక్క నువ్వింక మర్చిపోతావా?”

“చచ్చినా మర్చిపోను.”

“అంతే కదా.”

“ఎలా ఉంది బాబాయ్ ఆ పొట్టు రుచి?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “ఉప్పెక్కువ. మెత్తబడింది కూడా.” రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. “ప్యాకెట్ పెద్దది కదూ?”

“ఆఁ, పెద్దదే.”

“ప్రొప్రయిటర్ దగ్గర అది పొట్టు. నా దగ్గర చిప్సే. రెట్టింపు.”

ఆ జరిమానా ఆమె ఇంతవరకూ కట్టలేదు.