నీళ్ల మీదికి తోసేసిన నడుమునొప్పి

ఒక అండర్-16 జాతీయ టోర్నీ, రెండు రాష్ట్ర టోర్నీలు, ఆడక జారిపోయిన ర్యాంకు, నొప్పితో గడిచిన పదకొండు నెలలు. మా అమ్మాయి శ్రావణి పోగొట్టుకున్నవి ఇవి. ఆ పదకొండులో మొదటి నాలుగు నెలలు జబ్బు తిన్నవి కావు, మనుషుల మాటలు తిన్నవి. అందుకే రాస్తున్నాను.

మా సొంతూరు మర్రిగూడ. నేను మహబూబ్‌నగర్‌లో పత్తి మిల్లు కాటా దగ్గర తూకాలు చూస్తాను. శ్రావణి పుట్టింది, టెన్నిస్ నేర్చుకుంది ఇక్కడే. జాతీయ టైటిల్ కొట్టాలని సిద్ధమవుతున్న రోజుల్లో, ఒక పొద్దున సర్వ్ చేసి అట్లాగే నిలబడిపోయింది.

"నాయినా, నడుము పట్టేసింది. ఎడమ దిక్కు."

మా అమ్మ ఇంట్లో కూర్చునే తేల్చేసింది. "మన ఊరి నీళ్లే బిడ్డా. మీ తాత నడుము గిట్లనే గాలేదా?"

మా ఊరివాళ్లకు ఎక్కడ నొప్పి లేచినా బోరు నీళ్లనే అంటాం. ఫ్లోరైడ్ అంతమందిని వంచింది మరి. కానీ ఈ పిల్ల ఆ నీళ్లు తాగింది సెలవుల్లోనే. ఎవరు వింటారు?

దవాఖానలో డాక్టర్ కూడా ముందు ఊరే అడిగారు. "మర్రిగూడా? ఫ్లోరోసిస్ అయ్యుంటుంది. కాల్షియం రాస్తాను, నీళ్లు మార్చండి."

"ఎక్స్-రే తియ్యరా సార్?"

"ఇప్పుడే ఎందుకండీ?"

బయటికి రాగానే శ్రావణి అంది, "నాయినా, నేను తాగిన నీళ్లన్నీ ఎడమ దిక్కే పోయినయా?"

ఇంటికి ఫిల్టర్ నీళ్ల క్యాన్లు వచ్చాయి. కోచ్ ధైర్యం చెప్పాడు. "నీళ్ల నొప్పికి రెస్టెందుకు సార్? ఆడితేనే సాఫ్ అయితది." నాలుగు నెలలు అట్లాగే ఆడింది. జాతీయ టోర్నీ మొదటి మ్యాచ్‌లో రెండో సెట్ మధ్యలో కోర్టులోనే కూలబడింది.

హైదరాబాద్‌లో స్పైన్ డాక్టర్ ఊరు అడగలేదు. "రోజుకు ఎన్ని సర్వ్‌లు చేస్తావమ్మా?"

"నూటయాభై. టోర్నీ ముందు రెండొందలు."

ఎంఆర్ఐ తీశారు. "ఎల్-ఫైవ్‌లో, అంటే నడుము కింది పూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్, సన్నటి పగులు. వెనక్కి వంగి తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ఒత్తిడి. నీళ్లకు సంబంధం లేదు. మూడు నెలలు నడుము కదలకుండా బ్రేస్ వేసుకోవాలి, రాకెట్ ముట్టొద్దు."

మూడు నెలలకు నొప్పి పోయింది. స్కాన్‌కు ఇంకో వారం ఉందనగా కోచ్ నాకు చెప్పకుండా పిల్లను పిలిచాడు. "పది సర్వ్‌లే, ఊకె చేతులాడిచ్చినట్టు." తెల్లారి మంచం మీది నుంచి లేవలేకపోయింది.

"అతుకుతున్నది మళ్లీ విడిపోయింది. మొదటి నుంచి మొదలుపెట్టాలి," అన్నారు డాక్టర్. మళ్లీ మూడు నెలల బ్రేస్, ఆ తర్వాత నెల ఫిజియో.

మా బావ పరామర్శకు వచ్చాడు. "బంతాట బంద్ జేపిచ్చి కుట్టుమిషిన్ కొనియ్యరాదు బామ్మర్దీ." మా అమ్మ ఒకటే మాట. "నీళ్లు మార్చినంకనే గదా తగ్గింది!" ఈమెకు ఎంఆర్ఐ చూపించి లాభమేముంది?

ఇప్పుడు ఎముక అతుక్కుంది. కోచ్‌ను మార్చాం. రోజూ అరగంట ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ ఆడుతోంది. అండర్-16 వయసు దాటిపోయింది, ఇక అండర్-18 టైటిల్ మీదే ఆశ. ఆడే పిల్లలున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టర్ దగ్గర కూర్చోగానే ఊరి పేరు కన్నా ముందు పిల్ల ఏం ఆడుతుందో, రోజుకు ఎంత ఆడుతుందో చెప్పండి.

సర్వ్ మాత్రం ఇంకా చేయకూడదు. ఆ ఎముకకు మేం బాకీ ఉన్న విశ్రాంతి, ఈ రోజుకు, ఆరు వారాలు.