కాలవెట్టిండ్రా?

అవ్వ పోయిన మూడోనాడు, చల్లారిన బూడిద మీద పాలు చిలకరించి అస్థికలు ఏరుతుంటే నా జేబులో ఫోన్ మోగింది. ఎత్తకపోతే ఏం కొంప మునిగేది? కానీ ఎత్తాను. మోగే ఫోన్‌ను మోగనివ్వడం నాకు చేతకాదు.

"అన్నా, నేను ఏఈఓను మాట్లాడుతున్న. మొన్న మంగళవారం మీ పొలంల కాలవెట్టిండ్రంట గదా?"

ఏఈఓ అంటే మా నాలుగూళ్లకు వ్యవసాయ విస్తరణ అధికారి. పాతికేళ్ల పిల్ల. స్కూటీ మీద తిరుగుతూ ఎవరి పొలంలో ఏ పంట ఉందో రాసుకుంటుంది. పాపం, పరామర్శకు చేసిందనుకున్నాను. మా దగ్గర కాలవెట్టుడు అన్న మాట రెండింటికీ ఒకటే. వరి కొయ్యకాళ్లనూ కాలవెడతాం, మనుషులనూ కాలవెడతాం.

"అవును మేడం, కాలవెట్టినం."

"ఎన్ని గంటలకు?"

"రెండున్నర అయ్యింది. కాగజ్‌నగర్‌కెల్లి చుట్టాలు వచ్చేటాలకు లేటయ్యింది."



"అగ్గి ఎవరు పెట్టిండ్రన్నా?"

"నేనే మేడం. పెద్దకొడుకును గదా, నేనే పెట్టాలె."

"సరే అన్నా, రాసుకుంటున్న," అని పెట్టేసింది. పరామర్శకు ఫోన్ చేసిన మనిషి రాసుకునేది ఏముంటుందని నాకు అప్పుడు తట్టలేదు. యాభై దాటినా నా బుర్ర ఇంతే.

మాది చెన్నూరు నుంచి గోదావరి వైపు పోయే దారిలో నాలుగెకరాల పొలం, దాన్ని ఆనుకొని ఎకరం చెల్క, మెట్టనేల. అన్నీ ఒకే సర్వే నంబరు, బాపు పేరు మీద పట్టా. చెల్క కొంచెం ఎత్తు మీద ఉంటుంది, నీళ్లు నిలవవు. అందుకే మా తాతల కాలం నుంచి ఇంట్లో పోయినవాళ్లను ఆ మూలనే కాలుస్తున్నాం. ఊరికి ఇప్పుడు వైకుంఠధామం అని సర్కారు శ్మశానం వచ్చింది. రేకుల షెడ్డు, నల్లా, సిమెంటు దిమ్మె అన్నీ ఉన్నాయి. బాపు అటు మొహం కూడా తిప్పడు. అవ్వకు కట్టెలు పేరుస్తుంటే కర్ర పొడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"జర గటు జరిపి పేర్చుండ్రి. గీ పక్కకు నాకు జాగ కావాలె."

ఎనభై దాటిన మనిషి. భార్య పక్కన పడుకోవాలన్న కోరిక తప్ప ఆయనకు ఇంకోటి మిగల్లేదు. ఆ రోజు నుంచి పలకరించడానికి ఎవరొచ్చినా ఆ ముచ్చటే. "నా జాగ నేను చూసుకున్న, ఫికర్ లేదు," అంటాడు. ఏడుపు దాచుకోవడానికి అలా అంటున్నాడని నాకు తెలుసు. నేను కూడా తల ఊపేవాణ్ని.

నిజానికి మా పొలంలో మూడేళ్లుగా ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. అవ్వకు దమ్ము, ఊపిరాడని ఆయాసం. చుట్టుపక్కల వాళ్లు వరి కోతలు కాగానే కొయ్యకాళ్లకు నిప్పు పెడితే, ఆమె మూతికి తడిగుడ్డ కట్టుకొని తలుపులు మూసుకొని కూర్చునేది. ఆమె కోసమే బాపు మా మడుల్లో కాల్చుడు మాన్పించాడు. కోత మిషన్ అటు పోగానే ట్రాక్టరు పెట్టి కలియదున్నించేవాడు. టీవీలో ఢిల్లీ పొగ చూపించేవాళ్లు. ఒకాయన రైతులే కారణం అనేవాడు, ఇంకొకాయన ఫ్యాక్టరీలు అనేవాడు, మూడో ఆయన దేశం ప్రపంచానికి మాటిచ్చింది, అందరూ నిలబెట్టాలి అనేవాడు. అవ్వ మంచం మీద నుంచి నవ్వేది. "నా దమ్మే వాకిలి దాంక వోతలేదు, మన పొగ ఢిల్లీ దాంక వోతదా?" అనేది. తర్వాత దగ్గేది.

ఫోన్ వచ్చిన మర్నాడు ఏఈఓ వచ్చింది. గట్టు మీద నిలబడి తన ఫోన్‌లో మ్యాపు చూపించింది. మా నంబరు మీద ఎర్రటి చుక్క. కొయ్యకాళ్లు కాల్చొద్దని రూలు, అందుకే ఉపగ్రహం మీది నుంచి చూసి ఎక్కడ మంట లేస్తే అక్కడ చుక్క పెడుతుందట. ఆ జాబితా ఢిల్లీ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి జిల్లా, జిల్లా నుంచి ఈమె ఫోన్‌లోకి వస్తుంది. ఆ చుక్క ఉన్న చోటికి నడుచుకుంటూ పోయింది. బూడిద చూసింది, మట్టి ముంత చూసింది, పక్కన కాకులకు పెట్టిన అన్నం చూసింది. గబుక్కున చెప్పులు విడిచి వెనక్కి జరిగింది.

"అయ్యో అన్నా! నాకు తెల్వదే. నువ్వు కాలవెట్టినమన్నవు గదా, కొయ్యకాళ్లు అనుకున్న."

"మరి ఇప్పుడు తెలిసింది గదా. తీసెయ్యుండ్రి."

"తీసుడు నా చేతుల లేదన్నా. రైతు ఒప్పుకున్నడని పంపిన."

ఏం కాలిందో రాయడానికి అందులో నాలుగే గళ్లు ఉన్నాయి. వరి, పత్తి, మక్క, ఇతరములు. వరి మీద పెట్టినదాన్ని మార్చి "ఇతరములు" మీద పెట్టగలనంది. నా ముందే వేలితో నొక్కింది. మా అవ్వ ఇతరములు అయ్యింది.

నాకు ఒళ్లు మండింది. మా చెల్కలో నిలబడి చూస్తే దూరంగా కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కనిపిస్తాయి, పగలంతా పొగ చిమ్ముతూనే ఉంటాయి. "గది కనవడలేదా మీ పైనోళ్లకు? మా అవ్వ కట్టెలే కనవడ్డయా?" అని అరిచాను. ఆ పిల్ల తల వంచుకొని, "గది మా లిస్టుల రాదన్నా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెను అని ఏం లాభం? అయినా అన్నాను, సిగ్గులేకుండా.

చుక్క ఉన్నన్నాళ్లు బాపు పంట నమోదు ఆగిపోతుందని అప్పుడు చెప్పింది. నమోదు లేనిదే కొనుగోలు సెంటర్లో వడ్లు కాంటా కావు, తూకం వేసి కొనరు. మా యాసంగి వడ్లన్నీ సెంటర్ ముందు కుప్ప పోసి ఉన్నాయి. రోజూ సాయంత్రం అయ్యేసరికి మబ్బు పట్టి గాలి లేస్తోంది. పరదాలు కప్పడం, పొద్దున్నే తీసి ఆరబోయడం. ఇంట్లో మైల, బయట ఆ పని.

తిరగని ఆఫీసు లేదు. మండలంలో "జిల్లాకు పో" అన్నారు. జిల్లాలో ఒక పెద్దాయన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, మరణ ధ్రువపత్రం తెమ్మన్నాడు. పరేషాన్ పడి తెచ్చాను. తీరా చూస్తే కంప్యూటర్‌లో దాన్ని జతచేసే చోటు లేదు. ఆయనా బాధపడ్డాడు. అందరూ మంచివాళ్లే, అదే నా ఖర్మ. ఒక్కడైనా కసురుకొని ఉంటే కాలర్ పట్టుకునేవాణ్ని. చివరికి హామీ పత్రం ఒక్కటే దారన్నారు, పట్టా ఉన్న మనిషి సంతకం పెడితే చుక్క మూసుకుపోతుంది.

పదో రోజు పొద్దున ఏఈఓ ఆ కాగితం తీసుకొని మా ఇంటికే వచ్చింది. బాపు వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. చూపు మందగించింది, నన్ను చదవమన్నాడు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు చదివాను. ఆ తర్వాతి వాక్యం ఇలా ఉంది. "పై సర్వే నంబరులో ఏ కారణం చేతనైనను ఇకమీదట ఎన్నడూ నిప్పు పెట్టనని, నా వారసులను పెట్టనివ్వనని హామీ ఇస్తున్నాను."

ఆ ముక్క వదిలేసి కింద తేదీ చదివాను. బాపు నా మొహమే చూస్తున్నాడు.

"నడుమల ఏం మింగినవ్? సక్కగ సదువు."

చదివాను. ఇంకేం చేయను?

"గది ఉత్త కాగితం తాతా," అంది ఆ పిల్ల గబగబా. "గప్పుడు చూసుకుందాం తీ. వైకుంఠధామం ఉండనే ఉండె."

 నాకు బాపు కాళ్లు పట్టుకోవాలనిపించింది. సంతకం వద్దు బాపూ, వడ్లు మొలకెత్తితే ఎత్తనీ అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ కుప్పే మా ఏడాది తిండి. రాత్రి పడ్డ జల్లుకు ఒక పక్క తడిసింది కూడా. అనలేకపోయాను. నన్ను నేను ఇంత అసహ్యించుకున్న రోజు ఇంకోటి లేదు.

బాపు కర్రతో నేల మీద కాసేపు గీశాడు. తర్వాత తల ఎత్తి ఆ పిల్లను అడిగాడు.

"బిడ్డా, మట్టి తీసి బొందవెడితె మీదికెల్లి కనవడదు గద?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు చూసింది. నేను అటు తిరిగాను.

"కనవడదు తాతా," అంది.

"అయితె మంచిగాయె. నన్ను బొందవెట్టుండ్రి, మీ అవ్వ పక్కకే. అగ్గి వద్దు, పొగ వద్దు," అని నాతో అని, కాగితాన్ని తొడ మీద పెట్టుకొని తన పేరు రాశాడు.

వడ్లు మర్నాడే కాంటా అయ్యాయి.

మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరినీ బొందపెట్టలేదు. ఎంత లోతు తీస్తారో, తల ఎటు పెడతారో, కొడుకు ఏం చేయాలో నాకు తెలియదు. తెలిసినవాళ్లను ఎవరినైనా అడిగి పెట్టుకోవాలి.