సోడియం ఇవ్వని సారు

వనపర్తి డిగ్రీ కాలేజీలో మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించిన సారును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను గోపాల్‌పేట నుంచి బస్సులో నిలబడి వచ్చే రోజులవి. ఆయన ఆడపిల్లల చేతికి సోడియం ఇచ్చేవాడు కాదు. ఒక పదార్థంలో నైట్రోజన్ ఉందో, గంధకం ఉందో తేల్చాలంటే ముందు దాన్ని సన్నని గాజుగొట్టంలో సోడియంతో కలిపి ఎర్రగా కాల్చాలి. ఆ గొట్టాన్ని వేడి మీదే నీళ్లలో ముంచి పగలగొట్టాలి. అదంతా మగపిల్లల పని. వాళ్లు వడగట్టి ఇచ్చిన నీళ్లలో రంగులు చూసి రాసుకోవడం మా పని.

ఒకరోజు ఆయన బల్ల ముందుకెళ్లి నిలబడ్డాను.

"నాకు గూడ సోడియం ఇయ్యుండ్రి సార్."

"మొఖం కాల్చుకుంటే మీ నాయినకు నేను జవాబు చెప్పాల్నా?"

"మా నాయినకు నేను చెప్పుకుంట."

క్లాసంతా నవ్వింది. ఆయన మొహం గంటు పెట్టుకుని మెంతిగింజంత ముక్క కోసి నా ముందు పడేశాడు. మగపిల్లలకు శనగగింజంత ఇచ్చేవాడు.

నైట్రోజన్ ఉంటే నీలం రావాలి. నాకు నెత్తురులాంటి ఎరుపు వచ్చింది.

"చూసిండ్రా? ఆడోళ్లకిస్తె గిట్లనే ఉంటది," అంటూ ఆయన దాన్ని సింకులో పారబోశాడు.

"నైట్రోజన్, గంధకం రెండూ ఉండి సోడియం తక్కువైతే ఎరుపే వస్తది సార్."

"నాకే పాఠం చెప్తున్నవా? బయటికి నడువు!"

నేను కదల్లేదు. పక్క బల్ల దగ్గర గద్వాల నేతగాళ్ల అమ్మాయి ఉంది. అంతవరకు నాతో సరిగా మాట్లాడింది లేదు. తన జట్టు అబ్బాయి ముందున్న సోడియాన్ని పట్టకారుతో తీసి నాకిచ్చింది.

"మల్ల చెయ్యి. ఎట్ల రాదో చూస్త," అంది.

ఈసారి ఒక నాళికలో నీలం వచ్చింది, రెండోదాంట్లో గంధకానికి రావాల్సిన ఊదా వచ్చింది. సారు రెండూ చూసి కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజు మా ఇద్దరి రికార్డుల మీద సంతకం పెట్టలేదు. మరుసటి వారం సోడియం సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"అందరికీ బంద్. ఈ ఇద్దరిని అడుగుండ్రి, ఎందుకో."

మగపిల్లలు ఏడాదంతా మమ్మల్ని తిట్టుకున్నారు. చివరి పరీక్షకు బయటి నుంచి వచ్చిన మేడమ్ ఎవరి సోడియం వాళ్లకే ఇచ్చింది. మేమిద్దరం పాసయ్యాం.

కొన్నేళ్లకు గద్వాల బస్టాండులో ఆయనే నా దగ్గరికొచ్చాడు.

"మంచిగున్నవా అమ్మా? నా స్టూడెంట్వే గద?"

"తెల్వదు సార్," అని బస్సెక్కాను.