పగలని తల్లె

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని రోజుకు నాలుగుసార్లు గుర్తుచేసేదాన్ని. చదివేది ఎనిమిదో తరగతి. కోపం ముక్కు మీద, మాట నాలుక మీద. "దీని నోట్ల నోరు వెట్టుడు కంటె గోడకు చెప్పుకునుడు నయ్యం" అనేది మా అవ్వ. నేను ఎవరికీ భయపడేదాన్ని కాదు. కాస్త భయపడి ఉంటే బాగుండేది.

మాది గొర్రెలు కాసే ఇల్లు. ఆత్మకూరు దాటి కృష్ణ వైపు పోయే దారిలో మా ఊరు. చలి తగ్గి చెలకల్లో గడ్డి ఎండిపోగానే నాయిన, అమ్మ, చిన్నాయన మందను తోలుకొని గడ్డీ నీళ్లూ దొరికే వైపు బయలుదేరేవాళ్లు. మృగశిర కార్తెలో మిరుగు వానలు పడ్డాకే తిరిగి రావడం. ఆ నాలుగైదు నెలలూ చెట్టు కింద వంట, గొంగడి మీద పడక. నా బడి కోసం నేనూ అవ్వా ఇంట్లో ఉండిపోయేవాళ్లం. మందతో నేను ఒక్కసారి కూడా పోలేదు. నాయిన ఏ గొర్రెను ఎట్లా పిలుస్తాడో, మంద చెదిరితే ఏం చేస్తాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. గొర్రెల్ని తోలడంలో తెలుసుకోవడానికేముంది అనుకునేదాన్ని.

ఏటా సామాన్లన్నీ గాడిద మోసేది. ఆ ఏడు గాడిద చచ్చిపోయింది. ఇంకొకటి తెచ్చుకునే తాహతు లేదు. గొంగళ్లు, జొన్నపిండి, ఉప్పు, గిన్నెలు, అన్నీ మనుషుల నెత్తి మీదికొచ్చాయి. అమ్మకు అప్పటికే మెడ నొప్పి. "నెత్తిమీద మూట వెడితె సూదులు గుచ్చినట్టయితాంది" అని మెడ పట్టుకొని కూర్చునేది. చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే కోపమొచ్చేది. కోపమొస్తే ఏదో ఒకటి చేసి తీరాలి, అది నా గుణం.

ఒకరోజు పొద్దున నాయినా చిన్నాయనా మంద దగ్గర, అమ్మ కట్టెలకు పోయి ఉండగా వంట సామాన్లన్నీ వాకిట్లో పరిచాను. ఒక్కోటి చేత్తో ఎత్తి చూశాను. మట్టి చట్టి తేలికే, కానీ ఎక్కడైనా కాలు జారితే పెంకులే. ఇత్తడి సర్వ బరువు, పైగా కళాయి పోతే చింతపులుసుకు చిలుము పడుతుంది. మోదుగాకు విస్తర్లకు బరువే లేదు, గాలికి అన్నంతో సహా లేచిపోతాయి. సిల్వర్ గంజు మాత్రం పనికొస్తుంది, అందులో అంబలి పులవనీయకుంటే చాలు. ఇట్లా పెద్ద పంతులమ్మలాగా ఒక్కోదానికీ తీర్పు చెప్పుకుంటూ పోయి చివరికి కంచు తల్లె దగ్గర ఆగాను.

అది మా తాత నాటి తల్లె. నాయిన దానిలోనే తినేవాడు. ఎంత బరువంటే నేను రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చేది. అన్నం తినడానికి ఇంత బరువు మోయాలా? అడుగున ఒక్కచోట మాత్రం అరిగి నున్నగా మెరుస్తుండేది. తినే తల్లె అడుగున ఎందుకు అరుగుతుందో, నా చదువుకు ఆ అనుమానం రాలేదు.

ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలోకి సైకిల్ మీద సామాన్లవాళ్లు వచ్చేవాళ్లు. పాత కంచు, పాత ఇత్తడి తీసుకొని కొత్త ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చేవాళ్లు. ఇంటింటికీ ఎర్ర బకెట్లూ నీలం చెంబులూ వస్తుంటే తాతలనాటి గిన్నెలన్నీ సంచుల్లోకి పోయాయి. ఆ పొద్దు వచ్చినాయన పట్నం నుంచి వచ్చే ముసలి సాయబు, మెత్తటి మనిషి. ఆకుపచ్చ ప్లేటొకటి నేల మీద పెట్టి, దాని మీదెక్కి నిలబడి చూపించాడు.

"చూడు బేటా, పగలది. కింద ఎయ్యి, మీద కూసో, పగలది. అల్కగ ఎంతుందో చూడు, ఈక లెక్క."

నిజంగానే ఈకలాగే ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. కంచు తల్లె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

అరుగు మీద కూర్చున్న అవ్వ అప్పుడు నోరు తెరిచింది. "ఓ పిల్లా, మీ నాయిన్ను అడుగకుంట గా తల్లెను ఇయ్యకు."

"నీకేం తెల్సు అవ్వా? మోసేది నువ్వా? అమ్మ మెడ ఇరిగినంక అడగమంటవా?"

"నేనేం జెప్త? గది మంద తల్లె. మీ తాత నుంచి ఉన్నది."

"అయితె తాతనే మొయ్యమను!"

అవ్వ మొహం తిప్పుకుంది. సాయబు నా వైపు చూశాడు. "ఇంట్ల పెద్దోళ్లకు ఎరికేనా బేటా?"

"మా నాయిననే ఇయ్యమన్నడు" అన్నాను. కళ్లార్పకుండా చెప్పాను.

అది అసలు కంచేనా కాదా అని చూడటానికి ఆయన తల్లెను వేళ్ల మీద నిలిపి, ఇనుప చువ్వతో అడుగున కొట్టాడు. ఖంగుమంది. ఆ మోత వాకిలంతా తిరిగి చాలాసేపు ఉండిపోయింది. గోడ పక్కన ఒక ముసలి గొర్రె పడుకొని ఉంది. కాలికి దెబ్బ తగిలిందని దాన్ని మందతో పంపకుండా ఇంటి దగ్గరే ఉంచారు. నిన్నటి నుంచీ లేవనిది, ఆ మోతకు దిగ్గున లేచి, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చి తల్లెలో మూతి పెట్టింది.

"గీమెకు గూడ బువ్వ గావాల్నంట" అని సాయబు నవ్వాడు.

నేనూ నవ్వాను. చీపురు తిరగేసి గొర్రెను ఒక్కటి వేసి "హై, పో!" అని తరిమాను. ఇప్పటికీ ఆ చీపురు దెబ్బ నా వీపు మీద పడుతూనే ఉంటుంది.

సాయంత్రం నాయిన వచ్చేసరికి మూడు ప్లేట్లు, మూడు గిలాసలు, ఒక చెంబు వరసగా పెట్టి పక్కన నిలబడ్డాను. నాయిన వాటిని చూశాడు. తర్వాత తల్లె బోర్లించే జాగా వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది.

"పాత తల్లె..." అని ఆగాడు.

"ఇచ్చేసి గివి దెచ్చిన నాయినా! అమ్మకు మెడ నొయ్యది ఇగ. ఎత్తి చూడు, జర ఎత్తి చూడు!"

ఆకుపచ్చది చేతిలోకి తీసుకున్నాడు. గోటితో ఒక్కసారి మీటాడు. టప్ మంది. కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత ప్లేటును టోపీలాగా నెత్తి మీద పెట్టుకొని, "మస్తు అల్కగుంది బిడ్డా" అన్నాడు. నేను పకపకా నవ్వాను. అవ్వ మాత్రం ఆ పూట నాతో మాట్లాడలేదు.

నాయినా వాళ్లు మందను తోలుకొని వెళ్లిపోయారు. ఎప్పుడూ మిరుగు వానలకు వచ్చేవాళ్లు ఆ ఏడు రోహిణి ఎండల్లోనే తిరిగి వచ్చేశారు. పోయినప్పుడు వాకిలి పట్టని మంద, వచ్చినప్పుడు ఒక మూలకు సరిపోయింది. సగం కంటే ఎక్కువే పోయాయి. అమ్మ గడపలో కూలబడి ఏడ్చింది. ఎవరడిగినా నాయిన ఒకటే మాట: "వాగొచ్చింది." ఇంకేమీ చెప్పలేదు. వాగును ఎవరాపుతారని ఊరంతా ఓదార్చింది.

నేను మూట విప్పాను. ప్లేట్లు మూడూ ఉన్నాయి, గిలాసలూ ఉన్నాయి. ఇంట్లో అంత దుఃఖం పడి ఉంటే నా నోరు ఊరుకుందా? నాయినకు కాస్త ధైర్యంగా ఉంటుందని, "చూడు నాయినా, ఒక్కటి గూడ పగల్లే" అన్నాను.

"అవ్ బిడ్డా, గట్టియే" అన్నాడు.

మిగిలిన గొర్రెలతో మంద నిలబడలేదు. ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. చిన్నాయన కూలికి పోయాడు. మంద ముందు నడిచి నడిచి పదూళ్లకు దారులు తెలిసిన మా నాయిన, షాద్‌నగర్ దగ్గర ఒక కోళ్లఫారం గేటు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కాపలా పని. నాకు పెళ్లయి అదే ఊరికి వచ్చాను, మా ఆయన అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అమ్మ అప్పటికే లేదు. నాయిన ఆదివారం ఆదివారం మా ఇంటికి తిండికి వచ్చేవాడు.

ఒకసారి చిన్నాయన నన్ను చూడటానికి వచ్చాడు. మా ఇంట్లో పాత ఆకుపచ్చ ప్లేటు కోడిపిల్లలకు నీళ్లు పెట్టడానికి వాడుతున్నాను. రంగు వెలిసింది గానీ ఇంకా పగల్లేదు. "యాదికుందా చిన్నాయనా, ఎన్నేండ్లయింది!" అని గొప్పగా చూపించాను.

చిన్నాయన దాని వైపు చూసి తల దించుకున్నాడు. "దాన్ని ఇంక వెట్టుకున్నవా బిడ్డా? గా కంచు తల్లె ఉంటె మంద దక్కుతుండె."

నాకు అర్థం కాలేదు. నాకు తెలుసనుకొనే ఆయన మాట్లాడుతున్నాడు. తెలియదని గ్రహించాక ఆగిపోయాడు. నేను వదల్లేదు. అప్పుడు చెప్పాడు.

మందతో పోయిన చోటల్లా నాయిన రోజూ సాయంత్రం తల్లెను కర్రతో కొట్టి, అందులో ఉప్పు పోసి గొర్రెలకు పెట్టేవాడట. పుట్టినప్పటి నుంచీ ఆ మోత వినడమే వాటికి అలవాటు. ఎక్కడున్నా, ఏం మేస్తున్నా, ఆ మోత వింటే పరుగెత్తుకొచ్చేవి. మా తాత చేసిన అలవాటు అది. ఆ ఏడు నాయిన సిల్వర్ మూత మీద కొట్టి కొత్తగా నేర్పాలని చూశాడు. గొర్రెపిల్లలు కొన్ని వచ్చేవి. ముందు నడిచే ముసలి గొర్రెలు మాత్రం చెవి కూడా ఆడించేవి కావు. ఆ మధ్యాహ్నం మంద వాగు ఇసుకలో, అవతలి ఒడ్డు దగ్గరి గడ్డిలో ఉంది. ఎగువన వాన పడింది. నీళ్ల చప్పుడు వినిపించింది. ఉరుముకు బెదిరి గొర్రెలన్నీ ఒకదాన్నొకటి అతుక్కొని నడివాగులో నిలబడిపోయాయి.

"మీ నాయిన గట్టు మీద నిలవడి గంజు గొట్టిండు, మూత గొట్టిండు, ఆఖరికి గా పిలాస్టిక్ పిలేటు గూడ గొట్టిండు బిడ్డా. ఒక్కటి గూడ తల ఎత్తలే. ఎత్తుకుంట ఎత్తుకుంట ఎన్నని తెస్తం ఇద్దరం?"

చిన్నాయన పోయాక కోళ్ల దగ్గరి ప్లేటు తీసి విరగ్గొట్టాలని రాయితో కొట్టాను. పగల్లేదు. అవ్వ మాట వినలేదు, సాయబు రెండోసారి అడగకుండా అబద్ధమాడి నోరు మూయించాను, లేచి వచ్చిన గొర్రెను కొట్టాను. చెప్పాల్సినవాళ్లంతా చెప్పారు.

తర్వాతి ఆదివారం నాయిన వచ్చాడు. స్టీలు తల్లెలో అన్నం పెట్టేముందు ఖాళీ తల్లె ఆయన ముందు ఉంచాను. ఎప్పటిలాగే దాని అంచు మీద గోటితో మీటాడు. సన్నగా మోగింది. ఎప్పటిలాగే తలెత్తి గడప వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం అట్లాగే చూసేవాడు, నేను అది ముసలితనం చాదస్తమనుకున్నాను.

నా చేతిలో గంటె ఆగిపోయింది. "నాయినా, చిన్నాయన జెప్పిండు. నేనే ముంచిన గదా మందను. ఒక్క మాట ఎందుకనలే? తిట్టనన్న తిట్టకపోతివి?"

నాయిన తల్లె అంచు మీది నుంచి వేలు తీశాడు.

"నీకు తెల్వదు బిడ్డా. తెల్సినోణ్ణి నేను. తెల్సి గూడ మందను తీస్కపోయింది నేను" అన్నాడు. "తెల్లారి పొద్దుగాల సాయబు ఏ ఊళ్లె ఉన్నడో పోయి ఎతికితె దొరుకుతుండె. గని నువ్వు గంత సంబురంగ పక్కకు నిలవడితివి. పాత తల్లె ఏదని ఎట్లడగాలె?"

తల్లెను నా వైపు జరిపాడు.

"అన్నం వెట్టు. ఆకలైతాంది."